వర్తకధర్మం – రాజధర్మం: కంపెనీ పాలన నేర్పిన పాఠం

ప్రభుత్వాన్ని వ్యాపారసంస్థ వలె నడిపితే వ్యయం తగ్గి దక్షత పెరుగుతుందనే వాదం తరచుగా వినవస్తూ ఉంటుంది. దీని సత్యాసత్యాలను ఊహతో నిర్ణయించవలసిన పనిలేదు. సాక్షాత్తు ఒక వ్యాపారసంస్థయే రాజ్యమేలిన కాలం భారతదేశ చరిత్రలో ఉన్నది.

క్రీ.శ. 1600 డిసెంబరు 31న ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ అనుమతితో ఈస్టిండియా కంపెనీ వర్తకసంఘంగా జన్మించింది. 1765లో మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం వంగ, బీహారు, ఒరిస్సా ప్రాంతాల దివానీని, అనగా శిస్తు వసూలు చేసే అధికారాన్ని, ఆ సంఘానికి ఒసగాడు. అంతకుముందు కంపెనీ ఇక్కడి సరకులను కొనడానికి స్వదేశం నుండి వెండిని తెచ్చుకొనేది. దివానీ లభించిన పిదప వంగదేశపు కర్షకుడు చెల్లించిన శిస్తుతోనే వంగదేశపు వస్త్రాలను కొని ఓడలకెక్కించసాగింది. వర్తకునికి ఇంతకు మించిన లాభం లేదు. కానీ ప్రజల ధనం తిరిగి ప్రజలకు చేరే మార్గం అక్కడే తెగిపోయింది.

1769-70లో అనావృష్టి వలన వంగదేశంలో ఘోరక్షామం సంభవించింది. 1772లో వారన్ హేస్టింగ్స్, అతని మండలి సభ్యులు లండనుకు పంపిన లేఖలో ప్రజలలో కనీసం మూడవ వంతు నశించారని పేర్కొంటూనే, 1771 నాటి నికర వసూళ్లు 1768 నాటి వసూళ్లను మించాయని తెలిపారు. ప్రజలు క్షీణించినా ఆదాయం క్షీణించలేదు. ఇంత చేసినా కంపెనీ తన లాభాన్నయినా నిలుపుకోలేక, 1772లో బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఋణం అర్థించింది. వర్తకసంఘపు ప్రభుత్వం ఏ దేశానికైనా అత్యంత హీనమైన ప్రభుత్వమని ఆడమ్ స్మిత్ 1776లో వ్రాసినది ఈ అనుభవం తరువాతనే.

ఆంధ్రదేశానికీ ఈ పాలన తప్పలేదు. 1766లో నిజాముతో కుదిరిన సంధి వలన ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. గుంటూరు సీమ 1788లో చేరింది. నందన నామ సంవత్సరంలో, 1832-33లో, వచ్చిన కరువును తెలుగువారు ‘డొక్కల కరువు’ అన్నారు. సుమారు ఐదు లక్షల జనాభా గల గుంటూరు సీమలో లక్షన్నరకు పైగా అసువులు బాశారు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆరంభమైనది 1847లో, అనగా గోదావరీ తీరం కంపెనీకి దక్కిన ఎనిమిది దశాబ్దాలకు. ఆనకట్ట వెలసిన పిమ్మట ప్రజలకు అన్నమూ, ప్రభుత్వానికి ఆదాయమూ రెండూ పెరిగాయి. కనుక దోషం గణితంలో లేదు. ఎవరి శ్రేయస్సు కొరకు లెక్క వేస్తున్నారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను మన పూర్వులు ఎరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రం ధనాన్ని తృణీకరించే గ్రంథం కాదు. రాజ్యమే వర్తకం చేయడానికి పణ్యాధ్యక్షుని నియమించింది. అయినను ప్రజలకు హాని కలిగించే లాభం ఎంత అధికమైనా దానిని విడిచిపెట్టవలెనని అదే అధికరణంలో శాసించింది. దుర్భిక్షకాలంలో రాజు విత్తనాలను, ఆహారాన్ని సమకూర్చవలెనని విధించింది. మహాభారత శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుతో, చెట్లను నరికి కాల్చే బొగ్గులవాని వలె కాక, తోటను పెంచుతూ పూలు కోసుకొనే మాలాకారుని వలె ఉండుమని ఉపదేశించాడు.

వాణిజ్యం నింద్యం కాదు. భగవద్గీత దానిని స్వభావజమైన కర్మలలో ఒకటిగా పేర్కొన్నది. లాభం చేకూర్చని వినియోగదారుని వర్తకుడు విడిచిపెట్టవచ్చును. అది అతనికి దోషం కాదు. కానీ శిస్తు చెల్లించలేని వృద్ధుని, అనాథను, కరువుపాలైన కర్షకుని పాలకుడు విడిచిపెట్టరాదు. వారి రక్షణ కొరకే అతనికి పన్ను గ్రహించే అధికారం కలిగింది. మితవ్యయం, కాలనియమం, నిక్కమైన లెక్క – వీటిని పాలకుడు వర్తకుని వద్ద నేర్చుకొనుట ఉచితమే. వర్తకుని లక్ష్యాన్ని కూడ స్వీకరించిననాడు అతడు స్వధర్మాన్ని వీడినవాడవుతాడు. ఆ పరధర్మం ఎంత భయావహమో వంగదేశమూ, గుంటూరు సీమా అనుభవించి తెలుసుకొన్నాయి.