హారక్స్ కప్పులూ ఆర్వో క్యాన్లూ

కమ్యూనిటీ మెడిసిన్ ప్రాక్టికల్స్‌లో నీటి శుద్ధికి ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలో తేల్చే హారక్స్ పరికరం గురించి మా తరం చదివింది, మా విద్యార్థులూ చదివారు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైకి తేరిన నీటిని, పరీక్షించే నీళ్ళున్న తెల్ల కప్పుల్లోకి ఒక చుక్క, రెండు చుక్కలు, అలా ఆరు దాకా వేస్తాం. అరగంట ఆగి స్టార్చ్ అయోడైడ్ కలుపుతాం. నీలిరంగు మూడో కప్పు నుంచి మొదలైతే 455 లీటర్ల నీటికి 6 గ్రాముల పౌడర్ కావాలి. ఆ 455 లీటర్లు పాత 100 గ్యాలన్లే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల తాగునీటి కోసం విలియం హారక్స్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు రూపొందించిన పద్ధతి ఇది.

గుంటూరు జిల్లా పల్లెలకు వెళ్ళొచ్చిన ఒక విద్యార్థిని నన్ను సూటిగా అడిగింది: "మేడమ్, అక్కడ బావినీళ్ళు ఎవరూ తాగట్లేదు. ఆర్వో ప్లాంటు క్యాన్లు కొనుక్కుంటున్నారు. ఆ నీళ్ళు పరీక్షించడం మాకెప్పుడు నేర్పుతారు?"

వైద్య విద్యార్థులను జనం మధ్యకు పంపాలన్న ఆలోచన పాతదే. భోర్ కమిటీ 1946లోనే మూడు నెలల నివారణ, సామాజిక వైద్య శిక్షణ ఉండాలంది. శ్రీవాస్తవ్ కమిటీ 1975లో వైద్యవిద్య పల్లె అవసరాలవైపు తిరగాలంది. 1977లో వైద్యవిద్యను పల్లెలవైపు మళ్ళించే రోమ్ పథకం ఒక్కో వైద్య కళాశాలకు మూడేసి బ్లాకులు అప్పగించింది. 2021-22 బ్యాచ్ నుంచి విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకునే పద్ధతి వచ్చింది. మా సబ్జెక్టు పేరు కూడా హైజీన్ నుంచి పీఎస్ఎం (నివారణ, సామాజిక వైద్యం), అక్కణ్ణుంచి కమ్యూనిటీ మెడిసిన్ అయింది. అయినా, "ఇది పార్క్ పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కే పేపర్" అన్న మాట పిల్లల నోట పోలేదు. 1970లో తొలిసారి అచ్చయిన ఆ పాఠ్యపుస్తకాన్ని నేను ఇష్టంగానే చదివాను, ఇష్టంగానే చెప్పాను. లోపం దానిది కాదు.

ఏటా కోర్సు చివర పిల్లల చేత అభిప్రాయాలు రాయించేదాన్ని. పల్లెకు పంపొద్దని రాసినవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళ ఫిర్యాదులు వేరు: వెళ్ళిన ఇంటికి మళ్ళీ వెళ్ళే వీల్లేదు, రాసుకొచ్చిన వివరాలు ఏమయ్యాయో తెలియదు, ఆ ఇంటికి మేం చేసిందేమీ లేదు. ఒకమ్మాయి, ఇంటి వివరాలు రాసే ఫ్యామిలీ ఫోల్డర్‌లో ఒక పెద్దామె బీపీ రాసింది: 170/100. కింద చిన్న అక్షరాల్లో, "మాత్రలు అయిపోయాయి. మిరప కోతలు కదా, పీహెచ్‌సీకి వెళ్తే కూలి పోతుందట" అని ఉంది. రక్తపోటు అధ్యాయంలో లేని కారణాన్ని ఆ పిల్ల గడప దగ్గర కూర్చుని పట్టుకుంది. వైవాలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, దానికి మార్కూ లేదు.

భోర్ కోరిన సామాజిక వైద్యుడు ఆ రెండు వాక్యాల్లో ఉన్నాడని నా నమ్మకం. సిలబస్ మార్చేవాళ్ళు ముందుగా ఇలాంటి ఫోల్డర్లు చదవాలి. విద్యార్థులను పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అడగాలి. ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతున్నారో చూసి వచ్చింది వాళ్ళే.