ఐ-పాట్

ఐ-పాట్ ఒంటరిగా నివసించు వృద్ధుల క్షేమమును దూరముననున్న కుటుంబసభ్యులకు తెలియజేయు విద్యుత్ వేడినీటి పాత్ర. దీనిని జపానుకు చెందిన జోజిరుషి సంస్థ 2001లో ప్రవేశపెట్టినది.

నేపథ్యము

1996లో టోక్యో నగరమునందలి ఇకెబుకురోలో ఒక వృద్ధురాలు, అనారోగ్యముతోనున్న ఆమె కుమారుడు ఇంటిలోనే మరణించగా, ఆ సంగతి చాలా రోజులవరకు ఎవరికీ తెలియలేదు. ఈ ఘటనయే ఐ-పాట్ రూపకల్పనకు ప్రేరణ.

పనిచేయు విధానము

జపానులో వృద్ధులు రోజుకు పలుమార్లు తేనీరు సేవించుట పరిపాటి. మీట నొక్కి వేడినీరు తీసుకొనినపుడెల్లా పాత్రలోని వైర్‌లెస్ పరికరము ఆ సమాచారమును పంపును. కుటుంబసభ్యులకు రోజుకు రెండుసార్లు ఈ-మెయిల్ అందును. కెమెరా లేనందున వృద్ధుల ఏకాంతమునకు భంగము కలుగదు. వారు కొత్తగా నేర్వవలసినదియు లేదు.

పరిమితులు

పాత్రను వాడలేదని మాత్రమే ఇది తెలుపును, కారణమును తెలుపజాలదు. వెంటనే ఫోను చేసి విచారించవలసినది కుటుంబసభ్యులే.