క్షయ ప్రయోగశాల: ల్యూబెక్ నేర్పిన పాఠము

క్షయ అనగానే మన రాయలసీమ పెద్దలకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము జ్ఞాపకమునకు వచ్చును. పలు మిషనులు కూడి 1915లో అచ్చట నెలకొల్పిన శానటోరియమును గూర్చియు, డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ గారిని గూర్చియు మనము ఎంతో విన్నాము. రోగి తెమడను గాజు పలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచెడి గదిని తలచుకొనువారు మాత్రము తక్కువ.

అటువంటి గదిని ఎంత జాగ్రత్తగా అమర్చవలెనో జర్మనీలోని ల్యూబెక్ పట్టణపు విషాదము చూపినది. 1929లో పారిస్ పాశ్చర్ సంస్థ నుండి బి.సి.జి. మూలక్రిములను తెప్పించి, అచ్చటి ఆసుపత్రి ప్రయోగశాలలో టీకామందు తయారు చేసిరి. ప్రాణాంతకమైన క్షయక్రిములు కూడ ఆ ప్రయోగశాలలోనే ఉండెను. మందును జంతువులపై పరీక్షింపకయే 1930 ఫిబ్రవరి నుండి పసికందులకు నోట పోసిరి. సుమారు 250 మంది త్రాగగా 70 మందికి పైగా మరణించిరి. తప్పు పారిస్‌దేనని కొందరు అనుకొనిరి. కాని బిడ్డల శరీరములలో దొరికినవి కీల్ నగరము నుండి ఆ ప్రయోగశాలకు వచ్చిన క్రిములని విచారణలో తేలినది. 1932లో ఇద్దరు వైద్యులకు జైలుశిక్ష పడినది. మందు తయారు చేసిన నర్సును నిర్దోషిగా విడిచిపెట్టిరి. అది న్యాయమేనని మాకు తోచుచున్నది. రెండు పనులకు ఒకే చోటు చూపినది ఆమె కాదు గదా!

ఇప్పుడు బి.సి.జి. తయారీకి వేరు వసతి ఉండవలెను. అందు పనిచేయువారికి క్షయ లేదని పరీక్షించి చూడవలెను. మన దేశములో గిండీ టీకా ప్రయోగశాల 1948లో ఏర్పడినది. 1950 నుండి ఆరోగ్యవరము వైద్యులు మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో టీకా ఫలితమును ఏండ్ల తరబడి పరిశీలించిరి.

టీకా మాట అటుంచి, పరీక్ష చేయువాని ప్రాణము మాటేమిటి? తెమడను పలకపై పూయుటలో అపాయము తక్కువే. దానిని కుదిపినప్పుడు, యంత్రములో గిర్రున త్రిప్పినప్పుడు, వారముల తరబడి పెంచిన క్రిములను కదల్చినప్పుడు కంటికి కానరాని తుంపరలు గాలిలో తేలును. అందుచేత 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పనులను అపాయమును బట్టి మూడు తరగతులుగా విడదీసినది. క్రిములను పెంచెడి గదిలో గాలి గంటకు 6 నుండి 12 సార్లు మారవలెను; వసారా నుండి లోనికే వీచవలెను. తలుపు సందున సన్నని పొగ పట్టిన చాలును, సంగతి తెలిసిపోవును. పొగ వెలుపలికి వచ్చినచో, గాలి దారి బాగుచేయువరకు ఆ గదిలో సీసా మూత తీయరాదు.