విజ్ఞాన కళాజాతా

పాట, బుర్రకథ, వీధినాటకం, కోలాటం వంటి ప్రజలకు అలవాటైన కళారూపాల ద్వారా శాస్త్ర విషయాలను ఊరూరా తిరిగి ప్రదర్శించే కార్యక్రమాన్ని విజ్ఞాన కళాజాతా అంటారు. 'జాతా' అనగా బృందంగా సాగే యాత్ర. తెలుగునాట ఈ ప్రక్రియను ప్రచారంలోకి తెచ్చిన సంస్థలలో జన విజ్ఞాన వేదిక ముఖ్యమైనది.

చరిత్ర

కేరళలో 1962లో ఏర్పడిన శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో ఇటువంటి యాత్రను ప్రారంభించింది. 1987లో భారత జన విజ్ఞాన జాతా దేశంలోని వివిధ ప్రాంతాల నుండి బయలుదేరి, 1984లో విషవాయువు వేలాదిమందిని బలిగొన్న భోపాల్ నగరంలో ముగిసింది. మరుసటి సంవత్సరం జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. 1990-91లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ప్రధాన పాత్ర వహించాయి. అక్కడ చదువు నేర్చిన స్త్రీలే సారా వ్యతిరేకోద్యమాన్ని నడిపారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ప్రదర్శన విధానం

బుర్రకథ ఈ పనికి మిక్కిలి అనువైనది. కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, రెండవవారు వర్తమాన విషయాలను ప్రస్తావిస్తారు. ప్రేక్షకుని మనసులోని సందేహాన్ని హాస్య వంత అడుగుతాడు గనుక, జవాబు ఉపన్యాసంలా వినిపించదు. 1940లలో ప్రజానాట్యమండలి ఈ సౌలభ్యాన్ని రాజకీయ ప్రచారానికి వినియోగించుకున్నది.

మహిమలుగా చెలామణి అయ్యే వాటి గుట్టు విప్పడం మరొక పద్ధతి. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎరుపెక్కుతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ప్రతి ఇంటా ఎరిగినవే. పసుపులోని కర్కుమిన్ క్షారంతో కలిసినప్పుడు రంగు మారుతుంది. తగినంత నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగు వస్తుంది. ఈ చివరి మెట్టును ప్రేక్షకుని చేతనే చేయించాలి. లేనియెడల బాబా స్థానంలో శాస్త్రజ్ఞుడు కూర్చుంటాడే గాని పరీక్షించి చూసే అలవాటు రాదు. కళాజాతాలకు ఉన్న అసలు చిక్కు ఇదే: కథ నాయకుణ్ణి, ప్రతినాయకుణ్ణి కోరుతుంది, శాస్త్రం ఋజువును కోరుతుంది.

స్థానిక వస్తువు

వస్తువును స్థలాన్ని బట్టి ఎంచుకోవాలి. చిలమత్తూరు కర్ణాటక సరిహద్దున, లేపాక్షికి సమీపంలో ఉన్న మండల కేంద్రం. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డు; తూర్పు తీరం దూరం. ఇటువంటి చోట గ్రహాంతర యానం కంటే నీటి లెక్క ఎక్కువ మందిని కూర్చోబెడుతుంది. ఎకరా నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. ఏడాది వాన దాదాపు 22 లక్షల లీటర్లు. అంత నీరు ఎక్కడికి పోయిందని వంత అడగవచ్చును. అరచేతిలో నిలబడిన కొబ్బరికాయను నమ్మి బోరు వేసిన రైతుకు, కఠినశిలలో నీరు పగుళ్ళలోనూ శిథిలమైన పై పొరలోనూ మాత్రమే నిలుస్తుందని తెలియడం అప్పుకు సంబంధించిన విషయం.

ఉమ్మడి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఈ ఆటలో శాస్త్రం విడిగా చేర్చనక్కరలేదు. తెరకు ఆనించిన బొమ్మను వెనుకనున్న దీపం వైపు జరిపితే నీడ పెద్దదై అంచులు మసకబారతాయి. టార్చిలైటు, తెల్ల పంచె ఉంటే విద్యార్థులు దీనిని తరగతి గదిలోనే చేసి చూడవచ్చును.