ఇంటిపై సోలార్‌: అప్పు చేసి పెట్టించుకుంటే ఎవరికి లాభం?

బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి. సోలార్‌కు ఆ బాధ లేదు. కానీ ఖర్చు దాదాపు మొత్తం మొదట్లోనే పెట్టాలి. అందుకే ప్యానెళ్ల ధరతో పాటు అప్పు మీద వడ్డీ ఎంతన్నదీ ముఖ్యమే. జగిత్యాల, కోరుట్ల, పెగడపల్లి, సిరిసిల్లలో సోలార్‌ ఆలోచన ఉన్నవారు ముందుగా తెలుసుకోవాల్సినవి ఇవీ.

సబ్సిడీ ఎంత?

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000 ఇస్తారు. ఆపైన ఎంత పెట్టుకున్నా రూ.78,000 దాటదు. ఈ డబ్బు ముందుగా రాదు. ప్లాంటు బిగించి, నెట్‌ మీటర్‌ పెట్టి, తనిఖీ పూర్తయ్యాకే మీ ఖాతాలో పడుతుంది.

మిగతా డబ్బు ఎలా?

3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా రూ.2 లక్షల దాకా బ్యాంకులు రుణం ఇస్తాయి. వడ్డీ రెపో రేటుతో ముడిపడి ఉంటుంది. పథకం మొదలైనప్పుడు ఇది సుమారు 7 శాతం. జన్‌ సమర్థ్‌ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

లెక్క ఇలా..

నెలకు 400 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. మొదటి 200కు యూనిట్‌ రూ.5.10, తర్వాతి 100కు రూ.7.70, ఆపై 100కు రూ.9 చొప్పున రూ.2,690 అవుతుంది. ఫిక్స్‌డ్‌ ఛార్జీలు అదనం. 3 కిలోవాట్ల ప్లాంటు నెలకు 300 యూనిట్లు ఇస్తే బిల్లు 100 యూనిట్లకే వస్తుంది. అంటే సుమారు రూ.2,400 మిగులుతుంది.

ప్లాంటుకు రూ.2 లక్షలు అయిందనుకుందాం. చేతి నుంచి రూ.20,000, రుణం రూ.1.80 లక్షలు. సబ్సిడీని రుణానికే జమ చేస్తే బాకీ రూ.1.02 లక్షలు. 7 శాతం వడ్డీతో పదేళ్లకు కిస్తీ సుమారు రూ.1,185. ఈ ఇంటికి లాభమే.

ఎవరు ఆగాలి?

తెల్ల రేషన్‌ కార్డు ఉండి 200 యూనిట్లలోపు వాడేవారికి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. కట్టని బిల్లులో మిగిలేదేమీ ఉండదు, కిస్తీ మాత్రం మీద పడుతుంది. గృహజ్యోతి లేకున్నా 150 యూనిట్లే వాడే ఇంటి విద్యుత్‌ ఛార్జీ రూ.580. ఆ ఇంటికి 3 కిలోవాట్ల కిస్తీ బిల్లు కన్నా ఎక్కువ.

ఎక్కడ అడగాలి?

జగిత్యాల, కోరుట్ల, పెగడపల్లి వినియోగదారులకు ఉత్తర డిస్కం. సిరిసిల్ల వారికి మాత్రం 1970లో ఏర్పడిన సహకార విద్యుత్‌ సంస్థ సెస్‌. పీఎం సూర్యఘర్‌ పోర్టల్‌లో నమోదైనప్పుడు మీ సంస్థ పేరు సరిగా ఎంచుకోండి.

సంతకానికి ముందు చూడాల్సినవి మూడు: వెండర్‌ పోర్టల్‌లో నమోదై ఉన్నారా, ప్యానెళ్లు దేశంలో తయారైనవేనా, ఏడాది బిల్లుల సగటు కిస్తీ కన్నా ఎక్కువ ఉందా. దేశీయ ప్యానెళ్లు కాకపోతే సబ్సిడీ రాదు.