ఒంగోలు బాప్తిస్టు సంఘం: నోటి సాక్ష్యం, పల్లె కట్టు

ఎవరి విశ్వాసాన్ని వారే తమ నోటితో ఒప్పుకోవాలి, ఆ తరవాతే నీళ్ళలో మునగాలి. బాప్తిస్టు విశ్వాసానికి ఇది మూలనియమం. పసిబిడ్డకు బాప్తిస్మం లేదు. తండ్రి నమ్మినంత మాత్రాన కొడుకు నమ్మినట్టు కాదు. ఇలా ఒప్పుకున్నవాళ్ళు కూడితే అది సంఘం. దాని మీద బిషప్పు అధికారం ఉండదు, తన వ్యవహారాలు తానే చక్కబెట్టుకుంటుంది. ఇంత ఒంటిమనిషి నియమం పల్లెలకు పల్లెలు, చుట్టాలతో సహా కదిలి వచ్చిన ఒంగోలు సీమలో ఎలా నిలిచిందన్నదే ఈ ఊరి క్రైస్తవ చరిత్రలో అసలు విషయం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న లెక్క ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కకు ముందూ వెనకా ఏం జరిగిందన్నది అంతగా వినపడదు.

అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డేతో మొదలై 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు కొద్దిమందే కావడంతో దాన్ని మూసేయాలన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఆ చర్చే నడుస్తుండగా, మ్యాపు మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు గురించి ఎస్.ఎఫ్. స్మిత్ పద్యం రాశాడు. మిషన్ నిలిచింది. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లవారకముందే ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. అప్పటినుంచి అది ప్రార్థన కొండ. జ్యూయెట్ పేరుతో ఒంగోలులో గుడి కూడా ఉంది.

ఒంగోలు సంఘానికి దారి మాత్రం కనిగిరి వైపు పల్లెల నుంచి పడింది. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. రాజయోగ మార్గంలో గురూపదేశం పొందినవాడు, అడిగినవాళ్ళకు ఉపదేశం చేసినవాడు కూడా. 1866లో ఆయనా భార్య నాగమ్మా జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందారు. పేరయ్యను మిషన్ తయారుచేసిన మనిషిగా చెప్పడం సరికాదు. ఊరూరా తిరిగి గురువులా కూర్చోబెట్టి చెప్పే పద్ధతీ, గురువును శిష్యులే పోషించే ఆనవాయితీ ఆయనకు అంతకుముందే అలవాటు. ఆ తరవాత వచ్చిన బోధకుల తరమంతా ఆ బాటలోనే నడిచింది.

మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ దొర పేరయ్య ఊరికి వెళ్తే, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తిండిగింజలు, బట్టలు మూటగట్టుకుని వచ్చి, నేర్చుకోవలసింది నేర్చుకునేదాకా కదలమని చింతతోపులో దిగారు. వాళ్ళలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఈలోగా ఒంగోలులో క్లౌ దగ్గర చదువుకోవడానికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. వాళ్ళ పెద్దలు కూడా కొత్త బోధను ఆసక్తిగానే వింటున్నారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామని తేల్చి చెప్పారు. ఆ రాత్రి క్లౌ దంపతులు వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందని చెబుతారు. లోకం నీచమని ఎంచినవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. మర్నాటికి నిర్ణయం అయిపోయింది. అగ్రవర్ణాల పిల్లలు బడి మానేశారు.

సంఘంలో చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చెప్పడానికి సులువుగా ఉన్న ఈ మూడూ పల్లె బతుకు వేళ్ళను తాకాయి. మాదిగవాళ్ళు ఊరికి చెప్పులు కుట్టాలి, నీళ్ళు తోడే తోలు బానలు బాగుచేయాలి, చచ్చిన పశువును ఎత్తేయాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి బదులు కళ్ళంలో గింజలు కొలుస్తారు. కోతల రోజుల్లో రైతుకు ఆదివారమనేది లేదు. డప్పు ఆగితే అమ్మవారి కొలుపే ఆగుతుంది. అందుకని కొత్త విశ్వాసి చేతులు కట్టుకుని నిలబడ్డ ప్రతిచోటా కూలి ఆగింది, గింజలు ఆగాయి, దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. బాప్తిస్మం పరలోకానికి సంబంధించిన సంగతి మాత్రమేనన్న మాట ఈ సీమలో ఎన్నడూ నిజం కాదు.

1876-78 నాటి కరువు ఈ కథను మరో మలుపు తిప్పింది. మిషనరీ కాకముందు క్లౌ సర్వేయరుగా పనిచేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువు పని పెట్టించాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి తవ్వించారు, విశ్రాంతి వేళల్లో కూలీల మధ్య కూర్చుని మాట్లాడారు. ఎక్కడెక్కడి పల్లెలనుంచో వచ్చినవాళ్ళు మొదటిసారి అక్కడే సువార్త విన్నారు. కూలీల పాకల్లో కలరా కూడా ఎందరినో తీసుకుపోయింది.

క్లౌ నిజాయితీ ఇక్కడే కనిపిస్తుంది. కరువు పని, సహాయం నడిచిన ఆ పదిహేను నెలలూ ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండికోసం వచ్చేవాళ్ళెవరో, విశ్వాసంతో వచ్చేవాళ్ళెవరో ఆ రోజుల్లో తేల్చడం ఎవరి తరమూ కాదు. అడిగినవాళ్ళను అడిగినట్టే వెనక్కి పంపాడు. సహాయం ఆగాక కూడా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమిగూడారు. తమకు సాయం అక్కర్లేదనీ, కష్టపడి బతుకుతున్నామనడానికి చేతుల మీద బొబ్బలే సాక్ష్యమనీ, వచ్చే పంట కూడా పోతే క్రైస్తవులుగానే చస్తామనీ వాళ్ళు చెప్పిన మాటకు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది: మూడు రోజుల్లో 3,536. ఈ లెక్క చూసి గుంపు మీద నీళ్ళు చల్లినట్టు ఊహించుకునేవాళ్ళున్నారు. అలా జరగలేదు. ఏ బోధకుడి పల్లెల వాళ్ళను ఆ బోధకుడే వేరుగా కూర్చోబెట్టి, పేరుపేరునా విచారించి జాబితా రాశాడు. ఎవరు నిజంగా నమ్మారో, ఎవరు పక్కవాళ్ళను చూసి వచ్చారో అతనికి ఏళ్ళ పరిచయంతో తెలుసు. అనుమానం ఉన్నవాళ్ళను ఆపారు. నదిలో నిలబడింది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా సాగించారు. క్లౌ జూలై 3న ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘం పన్నెండు వేలు దాటింది.

బాప్తిస్టు సిద్ధాంతం ప్రకారం ఇందులో ఒక చిక్కు ఉంది. విశ్వాసం ఎవరికి వారిది కావాలి. వచ్చినవాళ్ళేమో అన్నదమ్ములు, వియ్యంకులు, మేనమామలు కలిసి వచ్చారు. క్లౌ ఈ రెంటినీ విడదీయలేదు. పల్లె పెద్దలతో, అయిదుగురి పంచాయతీతో సంఘం పనులు నడవనిచ్చాడు. తగవులు అక్కడే తీరాయి, తప్పు చేసినవాణ్ణి నిలదీయడమూ అక్కడే జరిగింది. మూడు నెలలకొకసారి బోధకులంతా ఒంగోలు చేరి, నేర్చుకుని తిరిగి వెళ్ళేవారు. విడిగా తనొక్కడే నమ్మి, చుట్టాలందరినీ వదిలి వచ్చినవాడికే గొప్ప విశ్వాసమని ఒప్పుకోనక్కర్లేదు. కూలి పోయినప్పుడు ఆ పూట గంజి పోసింది ఆ చుట్టాలే. ఆ కట్టు లేకపోతే మూడు నియమాల మీద ఎవరూ ఏడాది కూడా నిలబడగలిగేవారు కాదు.

దాని ఖరీదూ ఉంది. చుట్టరికం దారిన పాకిన సంఘం కులం గీత దగ్గర ఆగింది. ఒంగోలు బాప్తిస్టులు ఎక్కువగా మాదిగలే అయ్యారు. పక్కన గుంటూరు సీమలో లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అన్న తేడాతో పాటు, సంబంధాలు కలుపుకునే దగ్గర కులం తేడా కూడా నడిచింది, ఇంకా నడుస్తోంది. దీన్ని సంఘాలు వేదిక మీద మాట్లాడినంత ధైర్యంగా పెళ్ళి చూపుల దగ్గర మాట్లాడవు.

స్వయంపోషణ మరో సమస్య. పల్లెకొక స్వతంత్ర సంఘం ఉండాలి, కాపరిని అదే పోషించాలి. రోజుకు రెండుపూటలా పొయ్యి వెలగని ఇళ్ళ మీద ఆ బరువు పడింది. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, వారం చివర గుడికి తెచ్చే ఆచారం ఇలాంటి ఇళ్ళలోనే బలపడింది. బాప్తిస్టు సంఘాల స్వాతంత్ర్యం గురించి ఎంత రాసినా, దాన్ని మోసినవాటిలో ఆ కుండకు ఉన్న చోటు పెద్దది.

తెలుగు బాప్తిస్టులు తమ సొంత మిషనరీని కూడా పంపారు. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో దక్షిణాఫ్రికాలోని నెటాల్ చేరి, చెరకు తోటల తెలుగు కూలీల మధ్య సంఘం స్థాపించాడు. కాకినాడ వైపు కెనడా బాప్తిస్టులది వేరే పని. ఉత్తర సర్కారుల సంఘాలు వాళ్ళ చేతిలో పెరిగాయి.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్తిస్టులు అందులో కలవలేదు. బిషప్పుల వ్యవస్థా, శిశు బాప్తిస్మమూ వాళ్ళ మూలనియమానికి సరిపడవు. అమెరికన్ మిషన్ ప్రాంతపు సంఘాలకు 1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం ఏర్పడింది. మిషన్ భూములూ బడులూ ఆసుపత్రులూ స్థానికుల చేతికి వచ్చాక వాటి మీద తగవులూ వచ్చాయి, కోర్టుల దాకా వెళ్ళాయి. తగవును పల్లెలోనే తీర్చుకున్న సంఘానికి ఇది తగని పని.

విశ్వాసాన్ని బాహాటంగా ఒప్పుకోవాలన్న నియమానికి ఇప్పటి గట్టి పరీక్ష చట్టం నుంచి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. దాంతో సంఘ పుస్తకంలో ఒకలా, కుల ధ్రువపత్రంలో ఒకలా ఉన్న ఇళ్ళు పల్లెపల్లెనా కనిపిస్తాయి. మతం మారినా వెలి మారని మనిషిని కాగితం దగ్గర రెండుగా చీల్చింది ఆ ఉత్తర్వే. తప్పు ఆ మనిషిదని సంఘం అనడం అన్యాయం.

బాప్తిస్మం పద్ధతి పెద్దగా మారలేదు. నది దూరమైన చోట గుడి పక్కనే తొట్టి కట్టుకున్నారు. బిడ్డ పుడితే గుడికి తెచ్చి ప్రతిష్ఠిస్తారు, నీళ్ళు తాకించరు. పెరిగాక ఆ బిడ్డే తనంతట తాను అడగాలి. కాపరీ పెద్దలూ కూర్చోబెట్టి విచారిస్తారు, సంఘం ముందు సాక్ష్యం చెప్పిస్తారు. ఆ తరవాతే నీళ్ళు. ఆ తరవాతే ప్రభువు బల్లలో పాలు, సంఘ పుస్తకంలో పేరు.