ఉక్కును కాచే మెగ్నీషియం.. దేనితోనూ కలవని ఆర్గాన్

ఉక్కునగరం: కరిగిన ఉక్కు ఉష్ణోగ్రత సుమారు 1,600 డిగ్రీల సెల్సియస్. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆ వేడిని తట్టుకొనే కన్వర్టర్ లోపలి ఇటుకలకు ఆధారం మెగ్నీషియం ఆక్సైడ్. అదే ఉక్కును లేడిల్‌లో కలియబెట్టేందుకు పంపే వాయువు ఆర్గాన్. మొదటిది ఆక్సిజన్‌తో గట్టిగా పెనవేసుకున్న లోహం కాగా, రెండోది కరిగిన ఉక్కు గుండా వెళ్లినా దేనితోనూ కలవదు. పరమాణువు వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్లే ఈ తేడాకు మూలం.

రెండు వదులుకొంటే స్థిరత్వం

మెగ్నీషియం పరమాణువులోని 12 ఎలక్ట్రాన్లు 2, 8, 2గా అమరి ఉంటాయి. చివరి రెండింటినీ వదులుకొంటే నియాన్ వాయువుకున్న 2, 8 అమరిక వస్తుంది. దాంతో అది రెండు ధనావేశాలున్న అయాన్‌గా మారుతుంది. మూడో ఎలక్ట్రాన్‌ను తీయాలంటే రెండోదానికి అయిన శక్తికి అయిదు రెట్లకు పైగా కావాలి. అందుకే అక్కడితో ఆగుతుంది. రెండు ఎలక్ట్రాన్లు కొరవడిన ఆక్సిజన్ వాటిని స్వీకరించి రుణావేశం పొందుతుంది. ఈ విరుద్ధ ఆవేశాల ఆకర్షణే అయానిక బంధం. ఎలక్ట్రాన్లను తీసేందుకు వెచ్చించిన శక్తిని మించి, అయాన్లు స్ఫటికంగా కూడినపుడు వెలువడుతుంది. ఆ పట్టు ఎంత బలమైనదంటే, మెగ్నీషియం ఆక్సైడ్ కరగాలంటే ఉష్ణోగ్రత 2,800 డిగ్రీలు దాటాలి.

క్లోరిన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ చాలు. కనుక మెగ్నీషియం క్లోరైడ్‌లో ఒక మెగ్నీషియంకు రెండు క్లోరిన్లు ఉంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం అయాన్ల రూపంలోనే ఉంది.

ఈ కర్మాగారం కోసం ఖమ్మం జిల్లా మాదారంలో తవ్విన డోలమైట్ కూడా మెగ్నీషియం, కాల్షియం కార్బొనేట్ల ఖనిజమే. దాన్ని కాల్చి కన్వర్టర్‌లో వేస్తే, స్లాగ్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ చేరి గోడ ఇటుకలు అరిగిపోకుండా కాపాడుతుంది.

నిండుకుండ ఆర్గాన్

గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. గాలిని అతిశీతలపరచి ద్రవంగా మార్చి, ఆక్సిజన్, నైట్రోజన్‌లతో పాటు దీన్నీ కర్మాగారంలోనే వేరుచేస్తారు. దీని 18 ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8. వెలుపల ఎనిమిదీ నిండి ఉండటంతో ఇచ్చేందుకు, పుచ్చుకొనేందుకు తావులేదు. నైట్రోజన్ అయితే కొంత ఉక్కులో కరిగి దాని గుణాన్ని మారుస్తుంది. ఆర్గాన్ బుడగలు మాత్రం మలినాలను పైకి చేర్చి వెళ్లిపోతాయి. 1962లో నీల్ బార్ట్‌లెట్ ఇదే కుటుంబంలోని జెనాన్‌తో సమ్మేళనం తయారుచేసినా, సాధారణ పరిస్థితుల్లో ఆర్గాన్ తీరు మారదు.

జడమైనా ప్రమాదమే

ఆర్గాన్‌కు రంగు, వాసన లేవు. గాలికన్నా బరువు. గోతులు, ట్యాంకులలో పేరుకుంటే ఆక్సిజన్‌ను తోసివేస్తుంది. లోపలికి దిగినవారు ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతారు. ఆర్గాన్ వెల్డింగ్ జరిగే ఇరుకు ప్రదేశాల్లో ఆక్సిజన్ శాతం కొలవకుండా దిగరాదు. ఒకరు పడిపోతే శ్వాస పరికరం లేకుండా మరొకరు వెళ్లరాదు.

మెగ్నీషియం మంటపై నీళ్లు పోయరాదు. నీటితో చర్య జరిపి మండే హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ నుంచీ ఆక్సిజన్‌ను లాక్కొని మండుతుంది. లోహపు మంటలకు ఉద్దేశించిన పొడినే వాడాలి.